గిర్నారు శిలపై సుదర్శన తటాక చరిత్రము

భారతదేశ చరిత్రమున జయస్తంభములకు లోటు లేదు. గెలిచిన రాజు తన కీర్తిని రాతిపై చెక్కించుకొనుట ఆచారము. కోటలు కట్టించినవారి పేర్లును, దేవాలయములకు మాన్యములిచ్చినవారి పేర్లును శిలలపై నిలిచియున్నవి. కాని తెగిపోయిన చెరువుకట్టను తిరిగి పోయించి, ఆ పనిని గూర్చి ఆరుబయట, పదిమంది నడచు త్రోవలో, కావ్యమనదగిన రచనను చెక్కించుట అరుదైన సంగతి. సౌరాష్ట్రమున గిర్నారు కొండకు పోవు దారిలోని యొక శిలపై అట్టి రచనలు ఒకటి కాదు, రెండు కలవు. రెండును ఒకే చెరువును గూర్చినవి. రెంటి నడుమ మూడు వందల యేండ్లకు పైగా ఎడమున్నది. ఆ చెరువు పేరు సుదర్శనము.

ఈ కాలమున పెద్ద నగరములలో పూడిపోయిన చెరువులను బాగుచేసిన పిదప, గట్టుమీది గోడలపై కొంగలను, చేపలను, వలవేయువారిని, నీటికి వచ్చు స్త్రీలను చిత్రించుట వాడుకలోనికి వచ్చినది. చెరువు తిరిగి బ్రతికినదనియు, అది ఊరివారందరి సొత్తనియు దారిన పోవువారికి తెలుపుట ఆ చిత్రముల ప్రయోజనము. ఈ కోరిక మాత్రము క్రొత్తది కాదు. దానికి మన దేశమున లభించుచున్న ప్రాచీన సాక్ష్యములలో గిర్నారు శిల మిక్కిలి విలువ గలది. అక్కడ గోడకు బదులు బండ, రంగులకు బదులు అక్షరములు.

జునాగఢ్ పట్టణమునకు ప్రాచీన నామము గిరినగరము. ఆ పేరే కాలక్రమమున గిర్నారుగా మారి కొండకు సంక్రమించినది. కొండను పూర్వులు ఊర్జయత్తనియు, రైవతకమనియు పిలిచిరి. పట్టణమునకు తూర్పున, కొండల నడుమ కనుమలోనికి పోవు బాటప్రక్క ఈ బండ యున్నది. దాని ఎత్తు ఇంచుమించు 12 అడుగులు. ఒక ముఖమున అశోకుని పదునాలుగు ధర్మశాసనములు ప్రాకృత భాషలో చెక్కబడియున్నవి. శిల పైభాగమున శక వంశీయుడగు మహాక్షత్రప రుద్రదాముని సంస్కృత శాసనమున్నది. మరియొక ప్రక్క గుప్త చక్రవర్తి స్కందగుప్తుని కాలపు పద్యశాసనమున్నది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్ది మొదలు క్రీస్తు తరువాత ఐదవ శతాబ్ది వరకు, అనగా ఏడు వందల యేండ్లకు పైబడిన కాలమున, మూడు మహారాజ్యములు ఈ ఒక్క బండనే పలుకరించినవి. ఇప్పుడు దానిపై రక్షణకై కట్టడము కలదు. పూర్వమది ఎండకు, వానకు, యాత్రికుల కంటికి తెరచియున్న బండయే.

1822లో కర్నల్ జేమ్స్ టాడ్ ఈ శిలను చూచి, దానిని గూర్చి వ్రాసెను. అప్పటికి ఆ ప్రాచీన లిపిని చదువగలవారు లేకుండిరి. బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన జేమ్స్ ప్రిన్సెప్ 1838లో రుద్రదాముని శాసనమునకు మొదటి అనువాదమును ప్రకటించెను. పిదప భగవాన్ లాల్ ఇంద్రజీ, బ్యూలర్, కీల్హార్న్ మొదలగు పండితులు పాఠమును సంస్కరించిరి. వీరి కృషి వలన చరిత్రకారులకు ఒక రాజవంశపు కథతో పాటు ఒక చెరువు జీవితకథయు దొరకినది.

ఆ కథ మౌర్యులతో మొదలగును. చంద్రగుప్త మౌర్యుని పక్షమున ఆ ప్రాంతమును పాలించిన రాష్ట్రియుడు పుష్యగుప్తుడు. అతడు వైశ్యుడు. ఊర్జయత్ పర్వతము నుండి దిగివచ్చు సువర్ణసికత, పలాశిని మొదలగు ఏరులకు అడ్డముగా కట్ట వేయించి అతడు తటాకమును నిర్మించెను. చుట్టును కొండలుండుటచే కొంతమేర ప్రకృతియే గట్టుగా నిలిచినది. తరువాత అశోక మౌర్యుని కాలమున, తుషాస్ఫుడను యవనరాజు దానికి కాలువలను అమర్చెను. చెరువులో నీరు నిలిచినంత మాత్రమున పొలము తడియదు. తూములును కాలువలును ఉన్నప్పుడే అది పంటగా మారును. కనుక మొదటివాడు నీటిని నిలిపెను, రెండవవాడు దానిని నడిపెను.

ఈ సంగతులలో ఒక్కటియు మౌర్యుల శాసనములలో లేదు. అదే బండపై పదునాలుగు శాసనములు చెక్కించిన అశోకుడు, మనుష్యులకును పశువులకును ఓషధులు నాటించుటను, బాటల వెంట బావులు త్రవ్వించుటను చెప్పెనే గాని, ప్రక్కనే యున్న సుదర్శనమును ప్రస్తావింపలేదు. తన పేరునైనను ప్రియదర్శి యనియే చెప్పుకొనెను. పుష్యగుప్తుని పేరు, తుషాస్ఫుని పేరు మనకు తెలియుటకు కారణము, నాలుగు వందల యేండ్ల తరువాత ఆ చెరువును బాగుచేసినవారు మొదట కట్టినవారిని మరువకుండుటయే. చంద్రగుప్త మౌర్యుని నామమును పేర్కొనిన శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది ఈ మరమ్మతు శాసనమే. రాజ్యములను స్థాపించిన చక్రవర్తి పేరును శిలపై నిలిపినది ఒక చెరువు కావుట ఆలోచింపదగిన విషయము.

క్రీ. శ. 150వ సంవత్సరమున, శాసనము చెప్పిన లెక్కలో 72వ యేట, మార్గశీర్ష బహుళ పాడ్యమినాడు గొప్ప గాలివాన వచ్చెను. అది వర్షర్తువు కాదు; అకాలపు వాన. నేల యంతయు ఒక్క సముద్రమైనట్లు నీరు కమ్మెను. కొండల కొమ్ములు, చెట్లు, ఏటిగట్లు, మేడలు, ద్వారములు, జనులు ఆశ్రయించిన మిట్టలు కూలిపోయెను. తగిన జాగ్రత్తలు తీసికొనినను కట్ట నిలువలేదని శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. మట్టికట్టకు, నీరు దాని తలమీదుగా పొర్లుటకంటె పెద్ద ఆపద లేదు. ఒకచోట కోత పడినచో క్షణక్షణమునకు అది వెడల్పగును. పడిన గండి పొడవు 420 మూరలు, వెడల్పును అంతయే, లోతు 75 మూరలు. మూరకు అడుగున్నర చొప్పున లెక్కించినచో 630 అడుగుల పొడవును, 110 అడుగులకు మించిన లోతును అగును. నీరంతయు పోయి చెరువు ఎడారివలె మిగిలెను. సుదర్శనము దుర్దర్శనమైనదని శాసనకర్త పేరుతోనే శ్లేషించెను. ఆ మాటలో చమత్కారము కంటె వ్యథయే హెచ్చు.

ఆ కాలమున సౌరాష్ట్రము రుద్రదాముని ఏలుబడిలో నుండెను. ఆయన చష్టనుని మనుమడు, జయదాముని కుమారుడు. మాళవము నుండి సింధు సౌవీరముల వరకు, కచ్ఛము నుండి కొంకణ తీరము వరకు ఆయన ఆజ్ఞ చెల్లెను. ఈ శాసనమున తెలుగువారికి ఆసక్తి కలిగించు మాట యొకటి కలదు. దక్షిణాపథపతియగు శాతకర్ణిని నేరుగా రెండు మారులు జయించియు, సంబంధము దగ్గరిది యగుటచే అతనిని నాశము చేయలేదని రుద్రదాముడు చెప్పుకొనెను. మన శాతవాహనులకును కార్దమక క్షత్రపులకును వియ్యమున్నట్లు కన్హేరి గుహలోని శాసనము వలన తెలియుచున్నది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి దేవి కార్దమక రాజవంశమున పుట్టినదని అందున్నది. యుద్ధమున తప్ప నరహత్య చేయనని రుద్రదాముడు వ్రతము పట్టినట్లును, వ్యాకరణము, అర్థశాస్త్రము, సంగీతము, తర్కములలో పాండిత్యము సంపాదించినట్లును ఈ శాసనమే వర్ణించుచున్నది.

అయితే శాసనమునకు కేంద్రము ఆయన విజయములు కావు. అవి ఒక ప్రశ్నకు పూర్వరంగము. ఆ ప్రశ్న యిది: గండిని పూడ్పవలెనా, వలదా?

రుద్రదాముని కొలువున రెండు తెగల మంత్రులుండిరి. ఆలోచన చెప్పువారు మతిసచివులు. పనులు నడపువారు కర్మసచివులు. ఈ రెండు తెగలవారును పనిని కాదనిరి. కారణము గండి యొక్క పరిమాణము. ఇంత గండిని కట్టుట సాధ్యము కాదని వారి యభిప్రాయము. ఇచట శాసనకర్త చూపిన న్యాయదృష్టి గమనింపదగినది. ఆ సచివులను మూర్ఖులనలేదు, స్వార్థపరులనలేదు. అమాత్యునకుండవలసిన గుణములన్నియు వారికి కలవనియే చెప్పెను. బుద్ధిమంతులు, అనుభవజ్ఞులు, రాజహితము కోరువారు. అయినను వారి యుత్సాహము చల్లారెను. బొక్కసమును కాపాడుట తమ ధర్మమని తలచు అధికారులు ఏ కాలమున నైనను ఇట్టి సలహాయే చెప్పుదురు. అది తప్పు సలహా యని ముందుగా చెప్పగలవారెవరు? ఇంత వ్యయము చేసిన తరువాత మరియొక గాలివాన వచ్చినచో నేమగునను సందేహము సమంజసమైనదే.

రెండవ ప్రక్క ప్రజలుండిరి. కట్ట మరల కట్టబడదను వార్త విని వారు హాహాకారములు చేసిరని శాసనము చెప్పుచున్నది. రాజప్రశస్తిలో ప్రజల ఏడ్పునకు తావు దొరకుట అపూర్వము. సాధారణముగా ప్రశస్తులలో ప్రజలు సంతోషించుచునే యుందురు. ఇచట వారు నిరాశ చెందిరి, గొంతెత్తి అరచిరి. ఆ అరపు రాతికెక్కెను. చెరువుతో పట్టణమునకును పల్లెలకును గల సంబంధమును ఈ ఒక్క వాక్యము చెప్పినంతగా ఎన్ని లెక్కలును చెప్పజాలవు.

రుద్రదాముడు సచివుల మాటను మన్నింపలేదు. ప్రజల మొరను విన్నాడు. అంతటితో ఆగక, వ్యయభారమును ప్రజలపై మోపలేదు. శాసనము ఇచట మూడు పారిభాషిక పదములను వాడినది: కరము, విష్టి, ప్రణయము. కరమనగా పన్ను. విష్టి యనగా కూలి లేని నిర్బంధపు పని. మన వెట్టి యను మాట దీనినుండియే వచ్చినది. ప్రణయమను పదము వినుటకు తీయనిది, అనుభవించుటకు చేదు. బొక్కసము వట్టిపోయినప్పుడు రాజు స్నేహపూర్వకముగా యాచించినట్లు యాచించి రాబట్టు అదనపు వసూలునకు ఆ పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రము దానిని ఒక్కసారియే చేయవలెనని నియమించినది. ఈ మూటిలో దేనితోను పౌరులను, జానపదులను పీడింపక, తన సొంత బొక్కసమునుండి విశేష ధనమును వెచ్చించి, ఎక్కువ కాలము పట్టకుండ, నిడివిని వెడల్పును పెంచి మూడు రెట్లు దృఢమైన కట్టను ఆయన కట్టించెను. సుదర్శనము మునుపటికంటె సుదర్శనమైనదని శాసనోక్తి.

ఈ పనిని చేసి చూపినవాడు సువిశాఖుడను అమాత్యుడు. ఆనర్త సౌరాష్ట్రముల నన్నిటిని పాలించుటకు రాజుచే నియుక్తుడైన యధికారి. కులైపుని కుమారుడు, పహ్లవ జాతీయుడు, అనగా ఇరాను మూలము గలవాడు. శాసనము అతని గుణములను వరుసగా చెప్పినది: సమర్థుడు, ఇంద్రియనిగ్రహము గలవాడు, తొట్రుపాటు లేనివాడు, గర్వము లేనివాడు, లంచములకు లొంగనివాడు. ధర్మార్థములను సరిగా నడపి ప్రజల యనురాగమును పెంచినవాడు. ఒక పెద్ద నిర్మాణమును అప్పగింపదగిన యధికారికి నేటికిని ఇంతకంటె వేరు యోగ్యతలు వ్రాయలేము. గండిని పూడ్చునప్పుడు సున్నము, రాయి, మన్ను ఎంత ముఖ్యమో, వాటికి పెట్టిన సొమ్ము దారి తప్పకుండుట అంత ముఖ్యము. శాసనకర్త ఆ రహస్యమెరిగినవాడు.

సుదర్శనమును సాకినవారి జాబితాను ఇచట ఒకసారి చూడవలెను. కట్టినవాడు వైశ్యుడు. కాలువలమర్చినవాడు యవనరాజు. బాగుచేయుమనిన ప్రభువు శకుడు. బాగుచేసినవాడు పహ్లవుడు. శకులను, యవనులను, పహ్లవులను పరదేశీయులుగా లెక్కించిన కాలమది. కాని చెరువు ముందు ఆ భేదము నిలువలేదు. నీటిని కాపాడినవాడు ఆ నేలకు చెందినవాడయ్యెను. ఆ శకరాజు తన ప్రశస్తికి ఎన్నుకొనిన భాషయు ఈ విషయమునే చెప్పును. అంతకు ముందు రాజశాసనములకు ప్రాకృతమే వాడుక భాష. శాతవాహనులు సైతము ప్రాకృతముననే వ్రాయించిరి. ఇరువది పంక్తుల ఈ శాసనము దీర్ఘమైన సంస్కృత గద్యమున రచింపబడినది. దీర్ఘ సమాసములు, అనుప్రాసలు, అలంకారములు ఇందు కనబడుచున్నవి. గద్యపద్యములు స్పష్టముగా, మధురముగా, చిత్రముగా నుండవలెనను కావ్యలక్షణ ప్రస్తావన సైతము ఇందున్నది. క్రీస్తు తరువాత రెండవ శతాబ్ది నాటికే సంస్కృత కావ్యరీతి పరిపక్వమైనదని బ్యూలర్ పండితుడు 1890లో నిరూపించుటకు ఈ శాసనము ముఖ్యాధారమైనది. ఉత్తమ సంస్కృత గద్యమునకు దొరకిన తొలి శిలాసాక్ష్యము ఒక చెరువు మరమ్మతు నివేదిక యని చెప్పినచో అతిశయోక్తి కాదు.

సువిశాఖుని కట్ట మూడు వందల యేండ్ల తరువాత మరల పరీక్షకు గురియయ్యెను. అప్పటికి క్షత్రపుల రాజ్యము అంతరించి, గుప్త సామ్రాజ్యము సౌరాష్ట్రమువరకు వ్యాపించెను. స్కందగుప్తుడు సింహాసనమెక్కి, శత్రువుల నణచి, ఒక్కొక్క దేశమునకు పాలకులను నియమించునప్పుడు సౌరాష్ట్రమునకు ఎవరిని పంపవలెనని రాత్రింబగళ్లు ఆలోచించెనట. చివరకు పర్ణదత్తుని ఎన్నుకొనెను. పర్ణదత్తుడు నగరరక్షణ భారమును తన కుమారుడు చక్రపాలితునకు అప్పగించెను. గుప్త సంవత్సరము 136లో, అనగా క్రీ. శ. 455లో, భాద్రపద మాసపు షష్ఠినాటి రాత్రి, ఎడతెగని వానలకు కట్ట తెగెను. ఈసారి వర్షాకాలముననే ఆపద వచ్చినది.

ఈ రెండవ శాసనము పద్యమయము. కొండకు ప్రియురాండ్రైన ఏరులు చిరకాలము బంధనమున నుండి, విడుదల పొంది, తమ పతియగు సముద్రుని కడకు పోయినవని కవి వర్ణించెను. తెగిన చెరువును గూర్చి ఇట్లు చెప్పుట మొదట వింతగా తోచును. కాని వెంటనే కవి ప్రజలవైపు తిరిగెను. జనులు దిగులుతో రాత్రి తొలిజామునను కడజామునను లేచి, ఏమి చేయుదము, ఎట్లు చేయుదమని ఒకరితో నొకరు చెప్పుకొనుచు చింతించిరట. అలంకారము ప్రక్కనే నిదురలేని ఊరు. సుదర్శనము దుర్దర్శనమైనదను పాత శ్లేష ఇచటను వినబడును. మూడు వందల యేండ్ల నాటి శాసనమును ఈ కవి అదే బండపై చదివి యుండుననుకొనుట అసంగతము కాదు.

చక్రపాలితుని గూర్చిన వర్ణన సువిశాఖుని వర్ణనకంటె భిన్నమైనది. అతడు నవ్వుమోముతో ముందుగా పలుకరించువాడు. పౌరుల యిండ్లకు తాను పోవును, వారిని తన యింటికి రానిచ్చును, రాకపోకలకు అడ్డులేదు. ప్రజలను బిడ్డలవలె చూచును, వారి దోషములను పరిశీలించి దిద్దును. కట్ట తెగినప్పుడు ఇట్టి పరిచయము ఎంత పనికివచ్చునో చెప్పనక్కరలేదు. మరుసటి యేట, గ్రీష్మ ఋతువున, రెండు మాసములలో అతడు కట్టను రాళ్లతో బిగించి పూర్తిచేసెను. కట్ట పొడవు 100 మూరలు, వెడల్పు 68 మూరలు, ఎత్తు ఏడు నిలువులు. వానలకు ముందు, ఏరులు సన్నగిలిన వేసవిలో పని ముగించుట చెరువు పని తెలిసినవారి పద్ధతి. తరువాత క్రీ. శ. 457–58 ప్రాంతమున అతడే విష్ణుదేవునకు ఆలయము కట్టించెను.

ఈ రచనను గుప్తకవి సుదర్శన తటాక సంస్కార గ్రంథమని పేర్కొనెను. సంస్కారమనగా బాగుచేయుట. రాతిపై వ్రాసిన దానిని గ్రంథమనుట, అందులోను మరమ్మతునే గ్రంథమునకు వస్తువుగా గైకొనుట విశేషము. చివర కవి కోరిన వరము సైతము ప్రభువునకు కాదు, ఊరికి. నగరము జనసమృద్ధమై, నూరేండ్లు అనావృష్టియు కరవును లేక వర్ధిల్లవలెనని ఆయన ప్రార్థించెను.

బాగుచేసినవాడు కట్టినవాని పేరు చెప్పుట ఎంత అవసరమో ఢిల్లీ నగరమునందలి హౌజ్ ఖాస్ చరిత్రము వలన తెలియును. అల్లావుద్దీన్ ఖిల్జీ తాను నిర్మించిన సిరి నగరమునకు నీటికై త్రవ్వించిన పెద్ద తటాకమది. దానికి హౌజె అలాయీ యని పేరు. కాలక్రమమున అది పూడిపోయెను. జనులు దాని గర్భమున సేద్యము చేసిరి, బావులు త్రవ్వి నీరమ్ముకొనిరి. 1351లో రాజ్యమునకు వచ్చిన ఫిరోజ్ షా తుగ్లక్ పూడిక తీయించి దానిని మరల నింపి, గట్టున మదరసా కట్టించెను. తన పనులను చెప్పుకొనిన చిన్న గ్రంథములో ఆయన అది అల్లావుద్దీన్ చెరువని దాచకుండ వ్రాసెను. అయినను ఆ మాట పుస్తకమున నుండెను, గట్టుమీద కనబడునది ఫిరోజ్ షా కట్టడములే. 1398లో ఢిల్లీని గెలిచి ఆ గట్టున విడిది చేసిన తైమూరు, చెరువును ఫిరోజ్ షాయే త్రవ్వించెనని తలచెను. చూచినవాడు కనబడిన దానినే నమ్మును. గిర్నారులో పుష్యగుప్తునకు ఈ గతి పట్టకపోవుటకు కారణము, ఆయన పేరు నీటి సమీపముననే, బాటప్రక్కన, రాతిపై ఉండుట.

తెలుగుదేశమున చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటిగా ఎన్నబడినది. కాకతీయులు, విజయనగర ప్రభువులు వేయించిన చెరువులు నేటికిని పంటలకు నీరిచ్చుచున్నవి. కడప జిల్లా పోరుమామిళ్లలో ఈ పరంపరకు చెందిన ప్రసిద్ధ శాసనము కలదు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు క్రీ. శ. 1369లో అచట చెరువు నిర్మించి, శాసనమును నిలిపెను. వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినవని అందున్నది. అంతకంటె ముఖ్యము, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము ఏకరువు పెట్టినది. గట్టినేల, మంచినీటి ఏరు, కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, దగ్గరలో రాతిగని, నేర్పుగల పనివారు అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట మొదలగునవి దోషములు. గిర్నారు శిల మరమ్మతు కథను చెప్పినది. పోరుమామిళ్ల శిల మరమ్మతు అవసరము రాకుండ కట్టు విధమును నేర్పినది. పోరుమామిళ్ల చెరువు నేటికిని నిలిచియున్నది.

2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరిట 46 వేలకు పైబడిన చెరువులను, కుంటలను బాగుచేయ సంకల్పించినప్పుడు, పూడికమట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. ఆ పథకము క్రొత్త చెరువులను గూర్చినది కాదు, పూర్వులిచ్చిన వాటిని నిలుపుకొనుటను గూర్చినది. సుదర్శనపు పాఠమును ఎరిగియో ఎరుగకయో అవే మెట్లు ఎక్కుట అది. క్రొత్తగా కట్టుటయందు కీర్తి తేలికగా లభించును. పునాదిరాయి పడును, పేరు చెక్కబడును. ఏటేట కట్టను చూచుకొనుట, తూమును శుభ్రము చేయుట, అలుగును సరిచూచుట పేరు తేని పనులు. అందుచేతనే అవి వాయిదా పడుచుండును; వాయిదా పడినవాని ఫలము ఒక రాత్రి వానలో బయలుపడును.

స్కందగుప్తుని కాలపు శాసనము తరువాత సుదర్శనమును బాగుచేసినట్లు చెప్పు శాసనము ఆ శిలపై లేదు. నేడు ఆ తటాకము లేదు. ఏడు వందల యేండ్లు ఆ ఊరిని బ్రతికించిన నీటికి మిగిలిన గుర్తు బండ మాత్రమే. మౌర్యుడు కట్టినందున అది ఏడు వందల యేండ్లు నిలువలేదు. తెగిన రెండు మారులును ఎవరో ఒకరు పూనుకొని కట్టినందున నిలిచినది. పూనుకొనువారు లేని నాడు, చంద్రగుప్తుని పేరు గాని, అశోకుని పేరు గాని, రుద్రదాముని సంస్కృతము గాని దానిని కాపాడలేకపోయెను.

బండయు కాలమునకు లోబడినదే. రుద్రదాముని శాసనమున ఇరువది పంక్తులలో మొదటి పదునారింట అచ్చటచ్చట రాయి పెచ్చులూడి, రాజు బిరుదులలోను, విజయములలోను అక్షరములు లోపించినవి. చెక్కుచెదరక పూర్ణముగా మిగిలినవి చివరి నాలుగు పంక్తులే. సచివులు పనిని కాదనుట, ప్రజలు హాహాకారము చేయుట, లంచమెరుగని యొక యధికారి గండిని పూడ్చుట ఆ నాలుగు పంక్తులలో నున్నవి.